బొంతకు నాలుగవ అంచు

ఆత్మకూరునుండి ఉదయగిరికి పోవు దారిలో, పడమటి దిక్కున వెలికొండలు నీలముగా కనబడుచోట, మా పూర్వుల ఊరు కలదు. ఆ ఊరి యింటిలో అటకమీద ఒక కొయ్యపెట్టె చాలకాలముగా పడియుండెను. క్రిందటి వేసవిలో ఇంటి మరమ్మతుకై దానిని దింపవలసివచ్చినది. పెట్టె అడుగున, పొడియైపోయిన వేపాకు నడుమ, మడిచిపెట్టిన బొంత యొకటి దొరకెను. అది మా అవ్వ కుట్టినది. మూడువైపుల అంచు లోనికి మడచి కుట్టబడియున్నది. నాలుగవ వైపు తెరచియే యున్నది. అంచు ఆగిపోయినచోట సూది గ్రుచ్చినది గ్రుచ్చినట్లే తుప్పుపట్టి నిలిచియుండెను. మా అవ్వ 1962లో కాలము చేసెను.

మా మేనత్తకు ఇప్పుడు ఎనుబది యేండ్లు దాటినవి. ఆమె ఆ బొంతను చేతితో తడవిచూచి, "ఈ అంచు గూడా కుట్టేస్తే సరిపోతుంది గదా నాయనా, చలికాలానికి పనికొస్తుంది" అనెను. చరిత్ర గ్రంథములు చదువుకొన్న నాకు ఆ మాట వెంటనే రుచింపలేదు. తెరచియున్న ఆ వైపునుండి చూచినచో లోపలి పొరలన్నియు పుస్తకపు పుటలవలె కనబడుచున్నవి. కుట్టివేసినచో అవి మరల కనబడవు. కుట్టకున్నచో దానిని కప్పుకొనుటకు వీలులేదు. ఏది చేయవలెనన్న సందేహమే ఈ ప్రసంగమునకు కారణము.

ఉదయగిరి పేరు వినగానే మనకు దుర్గము జ్ఞప్తికి వచ్చును. 3,000 అడుగులకు పైబడిన ఆ కొండమీది కోటను గజపతులనుండి గెలుచుటకు శ్రీకృష్ణదేవరాయలు 1513లో ముట్టడి సాగించి, సుమారు ఏడాదిన్నర కాలము పోరాడి, 1514లో దానిని సాధించెను. అచ్చటి బాలకృష్ణ విగ్రహమును విజయనగరమునకు గొనిపోయి 1515లో ఆలయము కట్టించి ప్రతిష్ఠించెను. ఇట్టి సంగతులు మనకు శాసనములవలన తెలియుచున్నవి. నెల్లూరు మండలపు శాసనములను బటర్‌వర్తు, వేణుగోపాలచెట్టిగారలు సేకరించి 1905లో మూడు సంపుటములుగా ప్రకటించిరి. దేవునికిచ్చిన భూమి, త్రవ్వించిన చెరువు, విడిచిపెట్టిన పన్ను ఇవియే శాసనములకు ముఖ్యవిషయములు.

విజయనగర కాలపు శాసనములలో మగ్గములపై పన్ను ప్రస్తావన పలుచోట్ల కలదు. మగ్గము దిగు గుడ్డమీద ఏలికలకు కన్ను ఉండెనన్నమాట. ఆ గుడ్డ చీరయై, చీర పాతబడి, పాతచీర బొంతయైన పిమ్మట దానిపై పన్ను లేదు. పన్ను లేదు గనుక శాసనమును లేదు. అమ్మకమునకు పోని వస్తువునకు లెక్క వ్రాయువాడుండడు. వేంకటగిరి చీరలకును, ఉదయగిరి చెక్క గరిటెలకును నేడు భౌగోళిక సూచికయను గుర్తింపు లభించినది. బొంతకు అంగడి లేదు, పద్దు లేదు, కుట్టినవారి పేరు లేదు. దాని చరిత్ర తెలియవలెనన్న దానినే విప్పి చూడవలెను.

మాట మాత్రము పాతదే. బ్రౌనుదొర 1852లో ప్రకటించిన తెలుగు నిఘంటువులో బొంతకు స్థానము కలదు. సంస్కృతమున దీనిని కంథ యందురు. భర్తృహరి వైరాగ్యశతకములో ఈ కంథ సన్న్యాసి సొత్తుగా కనబడును. వంగదేశపు స్త్రీలు పాతచీరల పొరలపై రంగుదారములతో పూలు, పక్షులు కుట్టు కాంథా ఆ మాటనుండి వచ్చినదే. కన్నడసీమలో కౌది యందురు. ఉత్తర కన్నడ జిల్లాలోని సిద్దీలు, అనగా పూర్వము ఆఫ్రికాఖండమునుండి వచ్చినవారి సంతతివారు, తమ బొంతను అంచున మొదలుపెట్టి చుట్టుచుట్టుగా నడిమికి కుట్టుకొనివత్తురు. చివర నాలుగు మూలలను మడతపెట్టిన రంగుపేలికలు కుట్టి వానిని ఫూల, అనగా పువ్వు, అందురు. ఆ పువ్వులు లేని బొంత వారి కంటికి ముగిసినది కాదు. పొరలు కలిపి కుట్టుట ఒక్క మనదేశపు విద్యయు కాదు. ఐగుప్తుదేశమున అబైడాసులో దొరకి, ఇప్పుడు బ్రిటిషు మ్యూజియములోనున్న ఒక చిన్న దంతపు రాజవిగ్రహముపై ఇట్టి కుట్టుగా తోచు ఉత్తరీయము చెక్కబడియున్నది. దానికి సుమారు 5,000 సంవత్సరముల వయస్సు.

మన పడమటి నెల్లూరు సీమ ఎండలకు పేరుపడినది గదా, ఇచ్చట బొంత యెందులకని అడుగవచ్చును. వెలికొండల క్రింది ఊళ్లలో మార్గశిర పుష్యమాసముల తెల్లవారుజాములు తెలిసినవారు ఈ ప్రశ్న వేయరు. పగలు వేడెక్కిన మెట్టనేల రాత్రి త్వరగా చల్లారును. పొలమున కావలియుండువానికి, పసిబిడ్డ తల్లికి, ముసలివారికి ఆ రెండునెలలును కష్టకాలము. గొంగడి కప్పుకొనవచ్చును గాని గొంగడికి ఉన్ని కావలెను. నెల్లూరు జాతి గొర్రె పొడవైన కాళ్లకును మాంసమునకును ప్రసిద్ధి చెందినదే గాని ఉన్నికి కాదు; దాని ఒంటిమీదనుండునది పొట్టివెంట్రుకయే. ఉన్ని నిచ్చునది దక్కను పీఠభూమి గొర్రె. కాబట్టి గొంగడిని కొనితెచ్చుకొనవలెను. బొంతకు కావలసినది మాత్రము ఇంటిలోని దండెముమీదనే యుండును.

పాతగుడ్డయే ఏల? క్రొత్తగుడ్డకు గంజి బిరుసు ఉండును. సూది సులభముగా దిగదు. ఏండ్లతరబడి ఉతుకుటవలన నూలుపోగు మెత్తబడి, ఒక పొర మరియొక పొరను అంటుకొనును. చలిని ఆపునది నిజమునకు గుడ్డ కాదు. పొరల నడుమ కదలకుండ చిక్కుకొన్న గాలి. ఆ గాలిని పట్టియుంచుటకు పొరలు కావలెను. పొరలు జారకుండుటకు కుట్టు కావలెను. బొంత వెనుకనున్న శాస్త్రమంతయు ఇంతే. మా అవ్వకు ఈ శాస్త్రము ఎవ్వరును చెప్పియుండలేదు. కుట్టునకు కుట్టునకు నడుమ ఎంత ఎడముండవలెనో ఆమె వ్రేళ్లకు తెలియును.

కుట్టు పనికి కాలము వేసవి. కోతలు, నూర్పులు ముగిసి, ఆడువారి చేతులకు మధ్యాహ్నపువేళ కొంచెము తెరపి దొరకు దినములవి. పాతచీరలను, పంచెలను ఉడుకబెట్టి ఉతికి యెండలో ఆరవేయుదురు. వరండాలో చాప పరచి, దానిమీద ఒకదానిపై నొకటిగా పొరలు పరతురు. ముడుత లేకుండ నాలుగు మూలల రాళ్లు పెట్టుదురు. మొదట పొడవాటి కుట్లతో పొరలను నిలిపి, పిమ్మట జానెడు జానెడుగా దగ్గర కుట్లు వేయుదురు. చీర అంచులనుండి లాగిన నూలుపోగులను రెండు మూడు కలిపి పేనినదే దారము. ఒకరు ఈ వైపు, ఒకరు ఆ వైపు కూర్చుండి కుట్టుదురు. ఇరుగుపొరుగువారు వచ్చి కూర్చున్నచో వారును ఒక వరుస కుట్టిపోవుదురు. మా బొంతలో ఒక మూల కుట్లు పొడవుగా, వంకరగా ఉన్నవి. అవి తానే కుట్టినవని మా అత్త గుర్తుపట్టెను. అప్పుడామెకు పది పండ్రెండేండ్లట.

నెల్లూరు సీమకు ముఖ్యమైన వాన ఈశాన్య ఋతుపవనముతో ఆశ్వయుజ కార్తికములలో వచ్చును. ముసురు పట్టినపిమ్మట ఉతికిన పొరలు ఆరవు, వరండాలో పరచుటకును వీలుండదు. కనుక దసరాలోపల అంచు మూయవలెనని నియమము. అంచు మూయుటయే చివరిపని. అదియే కష్టమైన పనియు. ఆరుపొరల కొనలను సరిగా కత్తిరించి, లోనికి మడచి, చీర అంచు పట్టీని చుట్టూ త్రిప్పి రెండువరుసలు కుట్టవలెను. బొంత చిరుగుట మొదలుపెట్టునది అంచుననే. కాలు తగులునది, చేయి లాగునది, ఉతుకునప్పుడు పిండునది అంచునే. నడుమ కుట్టు ఎంత చక్కగానున్నను అంచు లేనిచో ఒక్క చలికాలమునకే పోగులు లేచిపోవును.

ఇక ఆ తెరచిన వైపునుండి నాకు కనబడిన పొరల సంగతి. అవి ఆరు. మా అత్త తల్లివలన విన్నమాటలు, తాను చూచినవి కలిపి ఒక్కొక్కదానిని గుర్తుచెప్పెను.

పై పొర నీలపు నేతచీర. నీలిరంగు మన సీమకు క్రొత్త కాదు. నెల్లూరు, కడప మండలములు ఒకప్పుడు నీలిమందు పంటకు ప్రసిద్ధములు. నెల్లూరు సీమలో నేసి నీలిలో ముంచిన సాలంపూరి గుడ్డలు ఓడలకెక్కి పడమటి ఇండియా దీవులకు పోయెడివి. అచ్చటి చెరకుతోటలలో బానిసలుగా నున్న ఆఫ్రికావారికి అవియే కట్టుబట్టలు. బ్రిటిషువారి రాజ్యములలో బానిసత్వము 1834లో చట్టరీత్యా రద్దయ్యెను. ఆ బేరము క్షీణించెను. 1897లో జర్మనీదేశమున రసాయనపు నీలి అంగడికి వచ్చుటతో చేలలోని నీలిమొక్కకును కాలము చెల్లెను. మా అవ్వ చీర నాటికి నీలి యనగా డబ్బాలో వచ్చు పొడియే. అయినను నీలపు చీరమీది మక్కువ మాత్రము ఇంటిలో నిలిచియుండెను.

రెండవ పొర సన్నని మిల్లు పంచె. పంతొమ్మిదవ శతాబ్దిలో లాంకషైరు మిల్లుల బట్ట మన ఊళ్లకు దిగెను. 1854లో బొంబాయిలో మనవారి మొదటి నూలుమిల్లునకు పునాది పడెను. పిమ్మట దేశపు మిల్లుల పంచెలును సంతలకు వచ్చెను. ఇవి చౌక, నునుపు, కాని త్వరగా చిరుగును. మా బొంతలో ఈ పొరకే అతుకులెక్కువ.

నాలుగవ పొర దానికి నేరుగా విరుద్ధము: ముతక ఖద్దరు పంచె. 1921 ఏప్రిలు 7వ తేదీన గాంధీమహాత్ముడు నెల్లూరునకు చేరువ పెన్నయొడ్డున పల్లిపాడులో పినాకిని సత్యాగ్రహాశ్రమమును ప్రారంభించెను. దానిని నెలకొల్పినవారిలో దిగుమర్తి హనుమంతరావుగారు, చతుర్వేదుల కృష్ణయ్యగారు ముఖ్యులు. రాట్నపు నాదము అచ్చటినుండి మెట్టసీమకును వినిపించెను. మా తాత ఉద్యమములో పేరు మోసినవాడు కాడు, చెరసాలకు పోలేదు. ఖద్దరు కట్టెను, అంతే. ఆయన పేరు ఏ పట్టికలోను లేదు. పంచె మాత్రము బొంతలోనున్నది.

అయిదవ పొర చూచి మా అత్త నవ్వెను. "ఇది కంట్రోలు గుడ్డ" అనెను. రెండవ ప్రపంచయుద్ధకాలమున బట్టలకు కరవు వచ్చి, ధరలు మిన్నుముట్టగా, ప్రభుత్వము 1943లో నూలు వస్త్రముల నియంత్రణాజ్ఞ జారీచేసెను. మిల్లుబట్టపై ధర ముద్రింపవలెనని నిబంధన పెట్టిరి. ఆ గుడ్డకొరకు వరుసలలో నిలిచి తెచ్చుకొన్న దినములను పెద్దలు చాలకాలము చెప్పుకొనెడివారు. మా బొంతలో ఈ పొర ఒక్క గుడ్డ కాదు. దోసిలియంత ముక్కలు అనేకము కలిపి కుట్టినది. చొక్కా చేయి, సంచి అడుగు, ఏమో తెలియని పట్టీలు. యుద్ధకాలపు లేమి ఎట్టిదో ఆ అతుకులు చూచినప్పుడు నాకు బోధపడినది. ఆరవది, అడుగు పొర, ముదురురంగు చీర. నేలమీద పరచినను మాసినట్లు కనబడకుండుటకు.

మూడవ పొరను చివరకు విడిచితిని. అది గుడ్డ కాదు, మరియొక బొంత. ఎవరు కుట్టినదో మా అత్తకును తెలియదు. సగము చివికిన ఆ పాతబొంతను నడుమ పెట్టి క్రొత్తపొరలు చుట్టిరి. భోగినాడు ఇంటిలోని పాతసామానులను మంటలో వేయుట మన ఆచారము. బొంత మాత్రము సాధారణముగా మంటకు పోదు. మరియొక బొంత కడుపులోనికి పోవును. ఈ లెక్కన మా అవ్వ బొంతకు ఆరంభమెక్కడనో చెప్పుటకు వీలులేదు.

ఇచ్చట ఒక్కమాట మరువరాదు. బొంత పేదరికపు గుర్తని మనము తలతుము. అది పూర్తిగా నిజము కాదు. బొంత కుట్టుటకు పాతగుడ్డ మిగిలియుండవలెను. 1832, 33లలో వచ్చిన నందన కరవు, 1876 నుండి 1878 వరకు చెన్నరాజధానిని కాల్చిన ధాత కరవు నెల్లూరు మండలమును కూడ బాధించినవి. అట్టి కాలములలో గింజలకొరకు పాత్రలు పోవును, పశువులు పోవును. ఒంటిమీది గుడ్డ చీలికలయ్యెడిదాక అదే గుడ్డ. అట్టి ఏట బొంతకు మిగులునదేమున్నది? ఇంటిలో ఆరుపొరల బొంత యున్నదనగా, ఆ యింటివారు కొన్ని యేండ్లైనను ఒక చీర పాతబడకమునుపే మరియొక చీర కొనగలిగిరని అర్థము.

మరి ఆ నాలుగవ అంచును తరువాతివారు ఏల కుట్టలేదు? మా అత్త అప్పటికి అత్తవారింటనుండెను. ఇంటిలో మిగిలినవారికి ఆ పెట్టె తెరచు మనసు లేకపోయెను. అది మా యింటి కారణము. ఊరి కారణము వేరు. 1941లో ఇంగ్లండున కనుగొన్న టెరిలీను వంటి కృత్రిమపు నూలు 1960 తరువాత మనదేశమున వ్యాపించినది. దానితో నేసిన చీర చిరుగదు, వెలియదు, ఇట్టే ఆరును. ఆడువారికి అది గొప్ప సుఖమే, కాదనరాదు. కాని దానితో బొంత కుదరదు. పొరపై పొర నిలువక జారును, చెమట పీల్చదు, నిప్పు రవ్వ పడినచో కరగి ఒంటికి అంటుకొనును. ఇంటిలో పాత నూలుచీరలు తగ్గినకొలది బొంతకు ముడిసరుకు తగ్గినది. అంగళ్లలో దుప్పట్లు, రజాయిలు చౌకగా దొరకినవి. ఎవరును బొంతను మానవలెనని నిశ్చయించుకొనలేదు. ఒక వేసవి కుట్టలేదు, మరు వేసవియు కుట్టలేదు, అంతే.

నా సందేహమును మా అత్తతో చెప్పితిని. మూసివేసినచో ఇంత చరిత్రయు కనబడకపోవును గదా, ఇట్లే అద్దాల పెట్టెలో పెట్టుదమా యంటిని. ఆమె కొంతసేపు ఊరకుండి, "అంచు లేకపోతే అది బొంత గాదు నాయనా, గుడ్డల మూట. మా అమ్మ మూట కట్టిందా, బొంత కుట్టిందా?" అనెను. దానికి నాయొద్ద సమాధానము లేకపోయెను. ఆమె చెప్పిన తీర్పు సబబేనని ఇప్పటికిని తలంచుచున్నాను. చూచుటకై దాచినచో ఆ పొరలు మనకు చరిత్ర చెప్పును, నిజమే. కాని వానిని పేర్చిన మనిషి చరిత్ర చెప్పవలెనని పేర్చలేదు. పుష్యమాసమున ఇంటివారికి చలి వేయకూడదని పేర్చెను.

కనుక ముందు పొరలన్నిటి కొలతలు, రంగులు, మా అత్త చెప్పిన మాటలు ఒక పుస్తకములో వ్రాసుకొంటిని. ఫోటోలు తీయించితిని. మీరు వినుచున్న ఈ ప్రసంగమును ఆ వ్రాతనుండి వచ్చినదే. పిమ్మట మా అత్త ఒక పాత నూలుచీర అంచు చింపి యిచ్చెను. తుప్పుపట్టిన సూదిని నూనె వేసి మెల్లగా తీసితిమి; ఆ చోట ఎర్రని మచ్చ నిలిచిపోయినది. ఆమెకు చూపు ఆనదు. నేను కుట్టుచుండగా ఆమె వ్రేలితో తడవిచూచి, ఎడమెక్కువైనచోట విప్పుమనెను. నాలుగు సాయంకాలములలో ఎన్నిసార్లు విప్పితినో లెక్క లేదు. మూడు అంచులు మా అవ్వవి. నాలుగవదానిపై నా కుట్లు పొడవు పొట్టిగా, ఎవరు చూచినను తెలియునట్లున్నవి. వానిని సరిదిద్దవలదని ఆమెయే చెప్పెను.

దసరాకు వారము ముందుగా అంచు మూసితిమి. మీలో ఎవరి యింటి అటకమీదనైనను ఇట్టి బొంత యున్నచో, దింపి చూడుడు. ఏ పొర ఎవరిదో చెప్పగలవారు ఇంటిలో ఉన్నప్పుడే అడిగి వ్రాసికొనుడు. పిమ్మట అంచు ఊడియున్నచో కుట్టి, ఎండలో వేసి, కప్పుకొనుడు. మా బొంత ఇప్పుడు పెట్టెలో లేదు. మా అత్త మంచముమీదనున్నది.